రెండో కొస

“ఇవాళ పొద్దు తొందరగా వాలిపోతుందేమో, సార్జంటమ్మా,” అంది కాచే.

పొయ్యి మీద పొద్దుటి గంజి ఇంకా చల్లారలేదు. వాకిట్లో జీడిమామిడి చెట్టు నీడ ఇంటి గోడ దాకా పొడుగ్గా పడి ఉంది. ఆ నీడ వంకే చూస్తూ అందామె ఆ మాట.

సార్జంట్ లువూనో ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది. ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది. పిల్ల కనపడకుండా పోయిన తల్లులు ఏం మాట్లాడతారో ఆమెకి తెలుసు. తిన్నదో లేదో అంటారు. ఒంటి మీద ఏ బట్ట ఉందో అడిగినా అడక్కపోయినా చెబుతారు. అంతేగాని పొద్దున్నే కూర్చుని పొద్దు గురించి బెంగపడిన తల్లిని ఆమె ఇంతవరకు చూడలేదు.

లువూనోకీ ఒక కూతురుంది. అందుకే ఇలాంటి ఇంటి గడప తొక్కాలంటే ఆమెకి కాళ్ళు రావు. దారిలో పాత బావి కనిపిస్తే అందులో పిల్ల తేలుతున్నట్టే ఉంటుంది. పొదల మీద కాకులు వాలితే ఆగి చూసి గాని కదలదు. ఏ కేసులోనైనా ముందు తోచేది చెడే. ఔట్‌పోస్టులో మగవాళ్ళు దానికి నవ్వుతారు. కానీ ఆ భయమే ఆమెని ఇన్నేళ్ళూ నిద్రపోనివ్వకుండా వెతికించింది.

జరిగింది ఇంత. కాచే కూతురు ఉమాజి, కివులిని ఊరి చరిత్ర చూడవచ్చేవాళ్ళకి దారి చూపించే పిల్ల. పూర్వం ఏనుగు దంతాలు మోసుకుంటూ కూలీలు సముద్రం దాకా నడిచిన దారి వెంట వాళ్ళని నడిపిస్తుంది. పెద్దల పవిత్రమైన కాయా అడవి అంచున చెప్పులు విప్పిస్తుంది. ఏ తెగ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి భయానికి ఈ అడవిలో దాక్కుందో చెబుతుంది. చివరికి తమ ఇంటి వెనక సమాధుల దగ్గర ఆపుతుంది. అక్కడ నాలుగు కొయ్యలు నిలబడి ఉండేవి. మనిషెత్తు, గుండ్రటి తల, ఒళ్ళంతా త్రికోణాల చెక్కడం, మెడకీ నడుముకీ ఎరుపు తెలుపు నలుపు పీలికలు. కిగాంగో అంటారు. రహస్యాలు కాపాడతామని ఒట్టు పెట్టుకున్న గోహు కూటమిలో పెద్దలు చనిపోతే నిలబెడతారు. అది గుర్తు కోసం పాతిన కర్ర కాదు, ఆ పెద్దమనిషే. లువూనో కూతురు బడి పిల్లలతో ఆ నడకకి వెళ్ళొచ్చి వారమంతా అదే పాట పాడింది. ఇల్లు కదిలినా కొయ్య కదలకూడదటమ్మా, కదిపితే ఆ ఇంట్లో పిల్లలు నిలవరటమ్మా అని. ఆ రాత్రి లువూనో లేచి కూతురి నుదురు తాకి చూసి మళ్ళీ పడుకుంది.

ఆదివారం తెల్లారేసరికి ఆ నాలుగు కొయ్యల్లో ఒకటి లేదు. ఉమాజి తాతకి తండ్రి కొయ్య అది. ఆ సంగతి చెప్పడానికి ఔట్‌పోస్టుకి వచ్చింది ఉమాజే. ఏడవలేదు, తడబడలేదు. అడిగినవాటికి జవాబు చెప్పి వేలిముద్ర అక్కర్లేదు సంతకం పెడతానని పెట్టి వెళ్ళింది. సోమవారం మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేస్తే నడకకి మనుషులొచ్చారంటూ రోడ్డు వైపు వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఇవాళ బుధవారం.

తాత తోయా అదే సాయంత్రం నుంచి నోరు విప్పలేదు. చెట్టు మొదట్లో చాప మీద కూర్చున్నాడు. పక్కన నిండుగా కొబ్బరి కల్లు ఉన్న సొరకాయ బుర్ర. మూతి దగ్గర నురగ ఎండి ఈగలు ముసురుతున్నా తోలడం లేదు.

“ఉమాజి అన్నీ చెప్పే పిల్లా, దాచుకునే పిల్లా?” అని అడిగింది లువూనో.

కాచే మొహంలో ఏడుపు మధ్య చిన్న గర్వం కనిపించింది. చిన్నప్పుడు పక్కింటి పిల్ల వీళ్ళ నీళ్ళ కుండ పగలగొట్టిందట. ఎవరికీ చెప్పనని ఉమాజి మాటిచ్చిందట. ఎవరు పగలగొట్టారని కాచే చింతబరికె విరిగేదాకా కొట్టింది. పిల్ల నోరు తెరవలేదు. ఆఖరికి పక్కింటి పిల్లే చూడలేక ఏడుస్తూ వచ్చి ఒప్పుకుంది.

“రాయి, సార్జంటమ్మా. అచ్చం వాళ్ళ తాత,” అంది కాచే. అని మళ్ళీ గోడ మీది నీడ వంక చూసింది.

“ఊరికే పొద్దు వంక ఎందుకు చూస్తున్నారు?”

“చీకటంటే భయం కదమ్మా. ఆడపిల్ల.”

“చీకటి రెండుసార్లు వచ్చి పోయింది, కాచే. ఇవాళ్టి చీకట్లో ఏముంది?”

కాచే చెయ్యి నడుముకి చుట్టుకున్న లేసో గుడ్డ ముడి మీదికి పోయింది. ఆ ముడిలో ఫోన్ ఉన్న సంగతి లువూనో వచ్చినప్పుడే చూసింది. ఊరికే తన చెయ్యి తీసి ఆ చెయ్యి మీద పెట్టింది. అంతే, కాచే మొత్తం కూలిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చిందట. మగ గొంతు, ఈ తీరపు మాట కాదు. పోలీసులకి చెబితే పిల్ల చెవి పంపిస్తానన్నాడు. ముసలాయన దాచింది తమకి కావాలన్నాడు. రేపు పొద్దు కుంకేలోగా చోటు చెప్పకపోతే పూడ్చుకోడానికి శవం కూడా దొరకదన్నాడు. ఏం దాచాడయ్యా అని కాచే అడిగితే, ముసలాయనకి తెలుసు అని పెట్టేశాడు.

“మావయ్య కాళ్ళు పట్టుకున్నాను. తల నిమిరాడు. పలకలేదు. మొగుడు పోయినప్పుడు కూడా నేనింత ఒంటరిదాన్ని కాలేదమ్మా.”

గడువు ఇవాళే. లువూనో మాత్రం ఆలోచనని వదల్లేదు. కొయ్య వాళ్ళకి చేరిపోయింది. ఇంకేం కావాలి? మిగతా మూడూ కావాలంటే, ఒకటి పట్టుకుపోయినట్టే వచ్చి పట్టుకుపోవచ్చు. కాపలా లేదు, కంచె లేదు. దానికి పిల్లనెత్తుకుపోవడం దేనికి?

లారీ చప్పుడైంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, ముందు ఇన్‌స్పెక్టర్ కిరిమి. మొంబాసా నుంచి వచ్చాడు. పుట్టింది పై కొండల్లో, ఈ తీరంలో కొలువు. పనిలో గట్టివాడని లువూనో కూడా ఒప్పుకుంటుంది, ఆయన ఎదుట కాదు.

“గంజి తాగారా, సార్జంట్? ఇంకో గిన్నె పోయించుకోండి. కేసు అయిపోయింది.”

ఆయన ఫోన్ తీసి బొమ్మలు చూపించాడు. నాలుగు కొయ్యలూ ముందు నుంచి, వెనక నుంచి. ఎత్తు తెలిసేలా పక్కన కర్ర పెట్టి తీసినవి. ఉమాజి ఫోన్ నుంచి డంకన్ అనే ఆసామికి వెళ్ళాయి. వాడికి మొంబాసాలో పాత చెక్కడాల వ్యాపారం. సోమవారం ఉమాజికి వచ్చిన ఫోన్ కూడా వాడిదే.

కాచే ఆ పేరు గుర్తుపట్టింది. టోపీ ఆయన. మళ్ళీ మళ్ళీ నడకకి వచ్చాడు. పాత దారుల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పి బొమ్మలు అడిగాడు.

“అందరూ పుస్తకమే రాస్తారమ్మా,” అన్నాడు కిరిమి, కొంచెం మెత్తగానే.

లువూనో ఆయన్ని పక్కకి పిలిచి బెదిరింపు ఫోన్ సంగతి చెప్పింది. చెప్పకుండా ఉండడానికి వీల్లేదు. కొయ్య అమ్ముకున్న పిల్ల అది పోయిందని తనే వచ్చి ఎందుకు చెబుతుందని అడిగింది. అనుమానం రాకుండా ఉండడానికే చెబుతుందన్నాడాయన. పైగా ఆ పిల్ల ఏడవలేదని రాసింది మీరే కదా అన్నాడు. ఆ దెబ్బ తగిలింది. బేరం చెడి ఉంటుంది, లేదా తల్లీకూతుళ్ళు కలిసి ఆడుతున్నారు, ఏదైనా సరే మధ్యాహ్నం వార్తల్లో పిల్ల పేరు రేడియోలో చెప్పించి రేవు మూయిస్తే అందరూ దొరుకుతారన్నాడు.

“రేడియో వాళ్ళూ వింటారు సార్. విన్నాక పిల్లని ఉంచరు.”

“ఓడ కదిలాక కొయ్యని ఎవరు తెస్తారు? మీరు ఈదుకుంటూ వెళ్తారా?”

“మీకు కొయ్య కావాలి. నాకు పిల్ల కావాలి.”

“నాకు నేరస్థుడు కావాలి, సార్జంట్. మిగతావన్నీ వాడి వెనకే వస్తాయి.” ఆయన కానిస్టేబుళ్ళ వైపు తిరిగాడు. “మిగిలిన మూడూ పీకి లారీలో పెట్టండి. ఇవి కూడా పోతే నా ఉద్యోగం పోతుంది. గోదాములో భద్రంగా ఉంటాయి.”

ఇంటి వెనక గుమిగూడిన ఆడవాళ్ళు లేసోలు తలల మీదికి లాక్కున్నారు. పెద్దలని పీకుతున్నారని ఒక ముసలమ్మ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. కాచే పరుగెత్తి మొదటి కొయ్యని కావలించుకుంది. ఒక కానిస్టేబుల్, అతనూ ఈ తీరం పిల్లాడే, చేతులు వెనక్కి తీసుకున్నాడు. కిరిమి గదమాయిస్తే రెండోవాడు ముందుకొచ్చి ఆమెని పక్కకి తప్పించాడు.

లువూనోకి తన కూతురి నుదురు గుర్తొచ్చింది. కానీ ఆమె చూస్తున్నది కొయ్యని కాదు, చెట్టు కింద తోయాని. గోహు పెద్ద. తన అన్నలనీ తాతనీ కళ్ళెదుటే వేళ్ళతో సహా పెకలిస్తుంటే ఆ మనిషి చేతికర్ర అందుకోవాలి. అరవాలి. కనీసం మొహం తిప్పుకోవాలి. తోయా చూస్తూ కూర్చున్నాడు, ఎవరో పక్కవాళ్ళ కంచె పీకుతుంటే చూసినట్టు.

ఇలా ఎందుకున్నాడని ఆమె అనుకుంటుండగానే కొయ్య ఊడి వచ్చింది. కానిస్టేబుల్ దాన్ని ఒక్కడే ఎత్తి అరటిబోదెలా భుజాన వేసుకుని నడిచాడు.

లువూనో ఆ గుంత దగ్గర గొంతుక్కూచుంది.

గుంతలో ఎర్రమట్టి గొట్టాలు. చెద. లారీలో పెట్టిన కొయ్య అడుగు చూసింది. లోపలంతా డొల్ల, గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఈ కొయ్యలకి పెద్దలు వాడేది వేరే చెట్టు. దాన్ని నరకాలంటే గొడ్డలి అంచు మడతపడుతుంది, చెద దాని జోలికే పోదు. అలాంటి కొయ్యని కదపాలంటే ఇద్దరు మగాళ్ళకి చెమట పట్టాలి. ఇదేమో పైన మసిబారి పాతదానిలా ఉంది, లోపల మామిడి చెక్కలా తెల్లగా ఉంది.

ఆమె నేల తడిమింది. ఎండి దుమ్ము లేస్తోంది. కల్లు పోసిన చోట ఉండే పుల్లటి వాసన లేదు, చీమలు లేవు, కొబ్బరి చిప్ప లేదు. మోకాళ్ళ మీదే మిగతా రెంటి దగ్గరికీ వెళ్ళింది. అక్కడా అంతే.

“కాచే, తాత పెద్దలకి కల్లు పోసేది ఎప్పుడు?”

ప్రతి జుమ్వాకీ అంది కాచే. ఈ తీరం వాళ్ళ నాలుగు రోజుల వారంలో ఆఖరి రోజు అది, పొలం పని చెయ్యరు. మొన్న శనివారం జుమ్వా. బుర్ర నిండా పట్టుకెళ్ళి ఖాళీగా తెచ్చాడు. మళ్ళీ ఇవాళే జుమ్వా. ఎప్పుడూ పొద్దు పొడవకముందే వెళ్ళిపోయేవాడు, ఇవాళ మాత్రం కదల్లేదు.

లువూనో నెమ్మదిగా లేచి నిలబడింది. బుర్ర ఖాళీ చేసుకొస్తాడు, ఇక్కడి నేల మాత్రం తడవదు. నకిలీ కొయ్యలు చెక్కగలిగాడు, మసి పూసి నిలబెట్టగలిగాడు, ఊరందరి కళ్ళూ కప్పగలిగాడు. కానీ పెద్దలు లేని చోట కల్లు పోయడానికి మాత్రం ఆయనకి చెయ్యి రాలేదు. అది ఎక్కడ పోయాలో అక్కడే పోసి వస్తున్నాడు. ఇవాళ ఊరినిండా పోలీసులు, వెనకాల ఎవరైనా వస్తారని బుర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె కిరిమికి డొల్ల చూపించింది. ఆయన బొటనవేలితో గుచ్చి, రాలిన పొడిని చూశాడు. అంతలోనే తేరుకున్నాడు.

“అయితే మరీ సులువు. నకిలీ అంటగట్టారు. కొన్నవాడు ఇంటికెళ్ళి గోకి చూసుకున్నాడు.”

“అమ్మలేదు సార్. దొంగలకి భయపడి అసలువి దాచారు. ఎత్తుకుపోయింది నకిలీ అని తెలిసి, ఇప్పుడు అసలువి అడుగుతున్నారు. సాయంత్రం దాకా రేడియో ఆపండి.”

“మీ ముసలాయన చెప్పాడా అలాగని?”

కిరిమి చెట్టు వైపు చూశాడు. ఆయనకీ ఎక్కడో అనుమానం తగిలినట్టే ఉంది. మధ్యాహ్నం వార్తల వరకే ఆగుతానన్నాడు. ఈలోగా ముసలాయన నోరు విప్పితే తనకి ఫోన్ చెయ్యమన్నాడు. విప్పకపోతే పిల్ల పేరు రేడియోలో పోతుంది, ముసలాయన లారీ ఎక్కుతాడు. మూడు నకిలీ కొయ్యలతో లారీ దుమ్ము రేపుకుంటూ పోయింది.

లువూనో ముందు కాచేని పట్టుకుని చాప దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టింది. ఆ తల్లి గుండె ఆగిపోతుందేమోనని ఆమెకి కొత్త భయం. కాస్త గంజి తెచ్చి చేతిలో పెట్టింది.

“వినండి, కాచే. వాళ్ళకి కావాల్సింది చోటు. అది తెలిసింది మీ మావయ్యకి. ఉమాజికి తెలియదు. తెలిసి ఉంటే వాళ్ళు ఆ పిల్లనే అడిగి తవ్వుకుపోయేవాళ్ళు, మీకు ఫోన్ ఎందుకు చేస్తారు? తెలియని పిల్లని హింస పెట్టి లాభం లేదు. మావయ్య మాట్లాడేదాకా దాన్ని జాగ్రత్తగానే ఉంచుతారు.”

ఆ మాటలు చెబుతుంటే తనకే కొంచెం ఊపిరి ఆడింది. కాచే రెండు గుక్కలు తాగింది. మూడు రోజుల్లో ఆమె గొంతు దిగిన మొదటి తిండి అదేనేమో.

అప్పుడు లువూనో తోయాకి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన చూపుడు వేలి మీద, అరచేతిలో, ఉలి జారి తెగిన పాత గాట్లు మానిపోయి తెల్లగా ఉన్నాయి. తనకి తెలిసిందంతా ఆయనకి చెప్పింది. చెద గురించి, ఎండిన నేల గురించి, పక్కనున్న బుర్ర గురించి. ఆయన రెప్ప కదిలింది. నోరు కదల్లేదు.

“చోటు నాకొద్దు తాతా. గోహు ఒట్టు మీది, మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటే అడుగుతాను. మీ తండ్రి కొయ్య ఎంత బరువో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు కర్ర లేకుండా చెట్టు దాకా నడవలేరు. గోహు పెద్దల్లో మీ తరం వాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. ఒక కొస మీరు పట్టుకున్నారు. రెండో కొస ఎవరు పట్టుకున్నారు?”

ఈగ ఒకటి ఆయన పెదవి మీద వాలి లేచింది.

“చోటు తెలిసిన మనిషి మీరు కాక ఇంకొకరున్నారు. ఇవాళ వాళ్ళకి అది తట్టలేదు, రేపు తడుతుంది. తడితే ఆ మనిషిని చేజిక్కించుకుని, నోరు విప్పేదాకా ఏం చెయ్యాలో అన్నీ చేస్తారు. ఎవరో చెబితే నేను ముందు వెళ్ళి ఆ మనిషిని కాపాడుకుంటాను. అంతే అడుగుతున్నాను.”

ఆయన మొహంలో ఏదో విరిగింది. మూడు కొయ్యలు పీకినప్పుడు కదలని మొహం. చెయ్యి బుర్ర మీదికి పోయి, పట్టుకోకుండానే కింద పడింది.

లువూనో ఎదురుచూసింది. ఇంకేమైనా అంటే ఆయన మళ్ళీ రాయి అయిపోతాడని భయపడి ఊపిరి కూడా సన్నగా తీసింది. ఇంటి వెనక ముసలమ్మ మూలుగు ఆగిపోయింది. గోడ మీద ఉన్న నీడ వాకిలి దిగి, చాప అంచు దాటి, చెట్టు మొదట్లోకి వచ్చి చేరింది. కాచే చేతిలో గంజి మీద మీగడ కట్టింది. ఎక్కడో రోడ్డు మీద మోటారు సైకిలు పోయిన చప్పుడు విని ముగ్గురూ ఒక్కసారే తలెత్తారు. అది ఆగకుండా పోయింది. ఉమాజి ఔట్‌పోస్టులో పొడి కళ్ళతో సంతకం పెట్టడం ఎందుకో లువూనో కళ్ళ ముందు మెదిలింది. పోయింది నిజంగా ముత్తాత అయితే ఏ పిల్లయినా ఏడవకుండా ఉంటుందా? ఆ ఆలోచన చివరిదాకా పోకముందే ఆమె కాచే వైపు తిరిగింది.

తోయా తలెత్తాడు. లువూనో వైపు కాదు, కోడలి వైపు. రెండు రోజులుగా తడి తగలని గొంతు, పుల్ల గీరినట్టు వచ్చింది.

“అదే పట్టుకుందమ్మా రెండో కొస. చెప్పనని నా తండ్రి కొయ్య మీద చెయ్యి వేయించాను. వాళ్ళు ఏం చేసినా... అది చెప్పదు, కాచే.”